దివిసీమ పులి చేతిలో పోయిన ప్రాణాలు

పరువు పోవడం అందరికీ ఉన్నదే. కాకపోతే చాలామందికి అది ఇంట్లోనో, వీధిలోనో, నలుగురి ముందో పోతుంది. నాది బందరులో, ఏసీ హాల్లో, నాలుగు పెద్ద స్పీకర్లలోంచి పోయింది. హాలు నిండా జనం విన్నారు. వినని వాళ్లకి విన్నవాళ్లు చెప్పారు. మీ దాకా ఇంకా రాలేదేమోనన్న అనుమానంతో, ఎవరో కలిపి చెప్పేలోపు నేనే ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాను. నవ్వుకోవాలనుకుంటే నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ప్రథమ చికిత్స క్లాసులూ నావే. గుండె ఆగి పడిపోయిన మనిషికి ఛాతీ మీద నొక్కి ప్రాణం నిలబెట్టే పద్ధతి, అదే సీపీఆర్, మా కాలేజీలో ఏడేళ్లుగా నేర్పుతున్నది నేనొక్కదాన్నే. అందుకు నాకొక రబ్బరు బొమ్మ ఉండేది. నడుము వరకే ఉంటాడు, కాళ్లుండవు. పిల్లలు వాడికి సూర్యం అని పేరు పెట్టారు. అరవైమంది పిల్లలు వరుసలో నిలబడి తలా నాలుగుసార్లు సూర్యాన్ని నొక్కేసరికి బెల్లు కొట్టేవారు. "మెల్లిగా నొక్కండమ్మా, పక్కటెముకలు విరిగిపోతాయి," అని నేను పక్కనుంచి హెచ్చరిస్తూ ఉండేదాన్ని. ఏ ఫంక్షన్ జరిగినా ప్రిన్సిపాల్ గారు మైకు పుచ్చుకుని "మా సువార్త మేడం ప్రాణదాత" అనేవారు. నేను తల వంచుకుని నవ్వేదాన్ని. ఆ తల వంచుకోవడం అద్దం ముందు సాధన చేసిందని మీకొక్కరికే చెబుతున్నాను.

అలాంటి నా సామ్రాజ్యంలోకి కిరణ్ వచ్చాడు.

పమిడిముక్కల దగ్గరి కుర్రాడు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివి, మా దగ్గర కంప్యూటర్ లెక్చరరుగా చేరాడు. ఎవరు కనపడినా "బాగున్నారాండీ" అని పలకరిస్తాడు. అటెండరు టీ తెస్తే ముందు అతనికే ఇచ్చేవాడు, నా దగ్గరికొచ్చేసరికి కప్పు మీద మీగడ కట్టేది. అయినా నేను పట్టించుకోలేదు. నిజంగా. నాలుగు రోజులు పట్టించుకోలేదు.

ఐదో రోజు స్టాఫ్ రూములో నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడం, మీ క్లాసు కోసం ఒక చిన్న గేము చేశానండీ."

"గేమా? నా క్లాసుకా?"

"అవునండీ. ఫోను చేతికి పట్టీతో కట్టుకుని దిండు మీద నొక్కాలండీ. ఎంత లోతు నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు అన్నది ఫోనే చూసుకుంటుంది. బాగా నొక్కితే మనిషి బతుకుతాడు."

"లేకపోతే?"

"పోతాడండీ," అన్నాడు, ఏదో బస్సు తప్పిపోతుందన్నంత మామూలుగా.

మర్నాడు క్లాసులో చూపించాడు. తెర మీద అచ్చం మన గుడివాడ బస్టాండు. ఒక పెద్దాయన సంచీతో సహా కుప్పకూలతాడు. భుజం తట్టి పిలవాలి, 108కి ఫోను చెయ్యమని పక్కవాడికి చెప్పాలి, తర్వాత నొక్కడం మొదలెట్టాలి. సరిగ్గా నొక్కితే ఆయన మొహంలోకి రంగు వస్తుంది, లేచి కూర్చుని "థాంక్సండీ" అంటాడు. పిల్లలు బెంచీలెక్కి మరీ చూశారు. "నాకివ్వరా", "నా వంతురా" అంటూ ఇళ్లనుంచి తెచ్చిన దిండ్ల మీద పడ్డారు. సూర్యం మూలన ఒక్కడే పడుకుని పైకప్పు చూస్తున్నాడు. బందరు లడ్డూ పళ్లెం పక్కన మరమరాల ఉండల్లా ఉన్నాం మేమిద్దరం.

అదైనా ఓర్చుకునేదాన్నే. కానీ బెల్లు కొట్టగానే పిల్లలు "అయ్యో" అన్నారు.

ఏడేళ్లలో నా క్లాసు బెల్లుకి ఒక్కరంటే ఒక్కరు "అయ్యో" అనలేదండీ. "హమ్మయ్య" అన్నారు.

ఆ "అయ్యో" నా కడుపులో పచ్చిమిరపకాయలా పడింది. ఈ ఆటని నేను ఓడించాలి, మొదటి స్థానం కొట్టాలి, ఆ తర్వాత "ఇంతేనా, ఇందులో ఏముంది" అని తీసిపారెయ్యాలి. అదీ పథకం. ఆడాలంటే ఫోను నంబరూ, ఒక పేరూ ఇవ్వాలి, ఆడినవాళ్ల పేర్లు స్థానాల వరుసలో అందరికీ కనపడతాయి. నా నంబరు కిరణ్ దగ్గర ఉంది కాబట్టి మా అమ్మ ఫోను తీసుకున్నాను. పేరు అడిగితే, పుట్టింది దివిసీమలో, అవనిగడ్డ దగ్గర కనుక, "దివిసీమ పులి" అని రాశాను.

మొదటి రోజు సాయంత్రం కాలేజీ నుంచి రాగానే, దిండు నేల మీద వేసి, ఏడేళ్ల అనుభవంతో నొక్కాను. నిమిషం తిరగకుండా తెర నల్లబడింది. ఒక ఆడగొంతు చాలా మర్యాదగా పలికింది: "క్షమించండి. రోగి మరణించారు."

వంటింట్లోంచి మా అమ్మ మరియమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఎవరే పోయింది?"

"ఎవరూ పోలేదమ్మా. ఆట."

"ఆటలో చావులేంటే, దిక్కుమాలిన ఆట! నా ఫోను ఇటివ్వు. మీ పెద్దమ్మ ఫోను చేసే టైమయింది."

ఇవ్వలేదు. మళ్లీ నొక్కాను. "క్షమించండి. రోగి మరణించారు." మళ్లీ నొక్కాను. ఆటే తప్పుగా లెక్కపెడుతోందనుకున్నాను. "ఇంకా లోతుగా నొక్కండి," అని అది చెబుతూనే ఉంది. ఏడేళ్ల ప్రాణదాతకి ఫోను చెప్పడమేమిటని నేను వినలేదు. ఆ వారంలో గుడివాడ బస్టాండులో ఆ పెద్దాయన నా చేతుల్లో ఎన్నిసార్లు చచ్చాడో! పాపం, ప్రతిసారీ అదే చొక్కాతో, అదే సంచీతో, కొత్త ఆశతో వచ్చి పడేవాడు.

రెండో వారం పంతం పట్టి అది చెప్పినట్టు నొక్కాను. భుజాలు బిగించి, మోచేతులు వంచకుండా, ఒళ్లు బరువంతా వేసి. "చావకండీ, చావకండీ!" అని అరుస్తూ. మొదటిసారి ఆయన లేచి "థాంక్సండీ" అన్నప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మూడో వారానికి దివిసీమ పులి మొదటి స్థానంలో ఉంది.

కాలేజీలో ఎక్కడ చూసినా పులి మాటే.

"ఎవర్రా ఈ పులి?"

"అవనిగడ్డ వైపు జిమ్ము మాస్టారంట్రా."

కిరణ్ అయితే నాతోనే అన్నాడు. "ఆ పులి ఎవరోగానీ మేడం, కనిపిస్తే దండం పెట్టాలండీ."

నేనేనని చెప్పలేను. చెబితే ఆట ఆడానని ఒప్పుకోవాలి. లోకమంతా ఆ పులిని పొగుడుతుంటే విని విని, చివరికి నా మారుపేరు మీద నాకే అసూయ పుట్టింది. ఇంతకన్నా దిగజారడం ఎవరి వల్లయినా అవుతుందా?

అప్పుడే బందరులో సమావేశం వచ్చింది. చుట్టుపక్కల కాలేజీల వాళ్లందరూ కలిసి, ఈ ఆటని క్లాసుల్లో పెట్టాలా వద్దా అని తేల్చుకోవాలి. మా ప్రిన్సిపాల్ గారు కిరణ్‌నీ నన్నూ ఇద్దర్నీ మాట్లాడమన్నారు. బస్సులో కిరణ్ నాకు జాంపండు కొనిపెట్టాడు. దోరగా, ఎంతో బాగుంది. పళ్లు ఎంచడం కూడా వచ్చా ఇతనికి అని తిన్నంతసేపూ మండిపడ్డాను.

వేదిక మీద ముందు నేనే మాట్లాడాను. కరువుదీరా మాట్లాడాను.

"ప్రాణం ఆటవస్తువు కాదండీ! ఫోను నొక్కితే ప్రాణాలు రావు. ఈ ఆట వల్ల చెయ్యి తిరిగిన మనిషిని ఒక్కరిని చూపించమనండి. ఏడేళ్లుగా నేర్పుతున్నాను, నా చేతుల్లో ఒక్క పొరపాటు జరగలేదు!"

చప్పట్లు మోగాయి. అద్దం ముందు సాధన చేసిన తలవంపు ప్రదర్శించి కూర్చున్నాను.

కిరణ్ లేచాడు. "మేడం అడిగింది న్యాయమైన ప్రశ్నండీ. అందుకే ఒక్క మనిషి సంగతి చెబుతాను," అని తెర మీద ఏదో వేశాడు. పెద్ద పెద్ద అక్షరాలు.

దివిసీమ పులి. ప్రస్తుత స్థానం: 1. రోగి మరణించిన సార్లు: 187.

హాలంతా గొల్లుమంది. లెక్క రాసి పెట్టుకుంటోందని నాకు తెలియదండీ!

"నవ్వకండి," అన్నాడు కిరణ్, నిజంగా చలించిపోతూ. "నూట ఎనభై ఏడుసార్లు ఓడిపోయి కూడా ఈ మనిషి వదల్లేదు. ఇప్పుడు పొరపాటున కూడా తప్పు నొక్కడం లేదు. ఆ పట్టుదలకి మనమందరం అభినందనలు చెప్పాలి. నంబరు నా దగ్గరుంది, ఇప్పుడే మాట్లాడదాం."

"ఇప్పుడెందుకండీ, పనిలో ఉంటారేమో!" అని నేను లేవబోయాను. అప్పటికే ఫోను మైకు దగ్గర మోగుతోంది.

"హలో, ఎవరూ?" అంది మా అమ్మ, నాలుగు స్పీకర్లలో.

"నమస్కారమండీ. దివిసీమ పులి గారేనాండీ?"

"పులెవరు బాబూ? ఇది మరియమ్మ ఫోను."

"ఈ ఫోనులో ఎవరో సీపీఆర్ ఆట ఆడుతున్నారండీ."

"ఓ, ఆ దిండు నొక్కుడా! అది మా అమ్మాయి. కాలేజీ నుంచి రావడం, దిండు మీద పడి 'చావకండీ, చావకండీ' అని అరవడం. రెండు దిండ్లు చిరిగిపోయినయ్ బాబూ. ఇల్లంతా దూది."

జనం కడుపులు పట్టుకుంటున్నారు. కిరణ్ కూడా నవ్వుతున్నాడు. "ఎందుకండీ అంత పట్టుదల?"

"వాళ్ల కాలేజీలో ఎవడో కొత్త కుర్రాడు చేరాడంట. వాడి ఆటని ఓడించి, వాడి పొగరు దించుతానంది. వాడికి టీ కూడా ముందిస్తారంట బాబూ. ఎంత బాధపడిందో పిల్ల!"

కిరణ్ నవ్వు ఆగిపోయింది. మెల్లిగా నా వైపు తిరిగాడు. పాపం మంచివాడు, వెంటనే ఫోను పెట్టెయ్యబోయాడు. "సరేనండీ అమ్మగారూ, ఉంటానండీ."

"ఆగు బాబూ. పేరు మాత్రం అడక్కు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మా సువార్తకి మాటిచ్చానంటే ఇచ్చినట్టే. చచ్చినా చెప్పను!"

ఆ నవ్వు ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. నేను బల్ల మీద పరిచిన గుడ్డ అంచుకి ఉన్న కుచ్చులు లెక్కపెడుతున్నాను.

చివరికి ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద డాక్టరు గారు లేచారు. ఆయన వెంట దీపం వెలిగే కొత్త బొమ్మ ఒకటి తెచ్చుకున్నారు. సరిగ్గా నొక్కితేనే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. "ఇటు రా తల్లీ," అన్నారు. "పులి ఎలా నొక్కుతుందో చూపించు."

పారిపోవడానికి దారి లేక మోకాళ్ల మీద కూర్చున్నాను. నొక్కాను. రెండు నిమిషాలు ఆకుపచ్చ దీపం ఆరలేదు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

"బాగుంది. మరి ఏడేళ్లుగా పిల్లలకి నేర్పినట్టు ఎలా నొక్కేదానివో అదీ చూపించు."

మెల్లిగా, పక్కటెముకలు విరక్కుండా, నొక్కాను. దీపం వెలగలేదు. ఇంకోసారి నొక్కాను. వెలగలేదు.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం వరుసగా నిలబడ్డ పిల్లల మొహాలు కనపడ్డాయి. సూర్యం లోపల స్ప్రింగు ఎప్పుడో సడలిపోయింది, వాడు ఎంత మెల్లిగా నొక్కినా దిగేవాడు. వాడిని నమ్ముకుని ఏడేళ్లపాటు పిల్లలందరికీ ఒట్టి తడమడం నేర్పి పంపించాను. వాళ్లలో ఎవరి ముందైనా నిజంగా ఒక మనిషి పడిపోయి ఉంటే? మళ్లీ మెల్లిగా నొక్కలేక చేతులు వెనక్కి తీసుకున్నాను.

ముందు వరుసలో కూర్చున్న మా ప్రిన్సిపాల్ గారు వచ్చి మైకు తీసుకున్నారు. "ఈ ఆట వల్ల చెయ్యి తిరిగిన మనిషిని ఒక్కరిని చూపించమన్నారు కదా మేడం. చూపించినట్టేనాండీ?"

"చూపించినట్టేనండీ," అన్నాను.

తిరుగు బస్సులో కిరణ్‌కి నేనే వేరుశనక్కాయలు కొనిపెట్టాను. "క్షమించండి," అన్నాను. "రోగి మరణించారా మేడం?" అన్నాడు. ఆ మాటకి ఇద్దరం గుడివాడ వచ్చేదాకా నవ్వాం. తర్వాత ఎన్నో ఆదివారాలు పాత విద్యార్థులందరికీ ఫోన్లు చేసి, "తప్పు నేర్పానర్రా, మళ్లీ రండి," అని పిలిచాం. కొందరు చంటిపిల్లల్ని ఎత్తుకుని మరీ వచ్చారు. ఆట, కొత్త బొమ్మ రెండూ పెట్టి మొదట్నుంచి నేర్పాం. బెల్లు కొడితే "అయ్యో" అన్నారు. అందులో సగం నాదేనని లెక్క వేసుకున్నాను.

అంతా సర్దుకుందనుకున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కిరణ్ పరుగున వచ్చాడు. "మేడం, మీ మొదటి స్థానం పోయిందండీ!"

చూశాను. నా పైన కొత్త పేరు: పులి వాళ్లమ్మ. రోగి మరణించిన సార్లు: 2.

ఇంటికి వెళ్లి నిలదీస్తే మా అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ముప్పై ఏళ్లు రోట్లో పిండి రుబ్బిన చేతులే ఇవి. ఆ పెద్దాయన్ని రెండుసార్లు చంపాక తెలిసిపోయింది. నీకు అన్నిసార్లెందుకు పట్టిందే?" అంది.

కాబట్టి ఇందుమూలంగా, మీ అందరి సాక్షిగా, ఎడమచెయ్యి దిండు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఎవరి ప్రతిభ చూసీ అసూయపడను, ఎవరి ఆటా దొంగచాటుగా ఆడను. మా అమ్మ స్కోరు దాటిన మరుక్షణం నుంచి ఈ ప్రమాణం అమల్లోకి వస్తుంది.