పళ్లు కనిపించిన రాక్షస జంతువు

శుక్రవారం సెలవు కదా అని, గల్ఫ్‌లో మా కంపెనీ లేబర్ క్యాంపులో నా గదిలోనే ఉండే గంగన్నతో కలిసి ఈ రోజు రాక్షస జంతువు సినిమా రెండో భాగానికి వెళ్లాను. మొదటి భాగం ఇద్దరం ఒకే ఫోన్‌లో చూసి, ఆ తర్వాత రెండు రోజులు బాత్రూంకి కూడా జంటగా వెళ్లినవాళ్లం.

ఈసారి జంతువు పది నిమిషాలకే వచ్చి తెరంతా నిండిపోయింది. నా ధ్యాస మాత్రం కంపెనీ నుంచి నిన్న వచ్చిన మెసేజ్ మీదే ఉంది. శనివారం డ్యూటీకి వెళ్లకుండా ఆఫీసుకు రమ్మన్నారు. ఎందుకో రాయలేదు. నా వీసా వచ్చే నెలతో అయిపోతుంది.

బయటికొచ్చాక, "ఎట్లుందే అన్నా?" అని అడిగాను.

"మొదటి దాంట్ల ఆఖరుదాంక జంతువు కనబడకపాయె, గందుకే భయమైంది. గిప్పుడు దాని పండ్లు సుత లెక్కవెట్టొచ్చు. ఇంకేం భయం?" అన్నాడు.

మా క్యాంపు ఉన్న అస్కర్‌కు తిరిగొస్తూ బస్సులో మెసేజ్ మళ్లీ తెరిచాను. అందులో పళ్లేమీ కనిపించలేదు.

కారణం చెప్పకుండా ఆఫీసుకు పిలిస్తే వెళ్లి, నవ్వుతూ తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి. మిగతావాళ్లు దయచేసి సినిమా గురించే మాట్లాడండి.