అవ్వ ముఖానికి తగిన వెలుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అద్దం కన్నా ఎండకే ఎక్కువ మర్యాద. చిక్కపేటలో మాది బట్టల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. చీర రంగు మీద ఎవరికైనా అనుమానం వస్తే మా తాత వాదన పెట్టుకునేవాడు కాదు. చీర వాళ్ళ చేతికే ఇచ్చి, వీధిలోకి పోయి ఎండలో చూసుకోమనేవాడు. దీపం కింద ఎర్రగా కనిపించింది ఎండలో వంకాయ రంగు తేలితే తప్పు మాదే. అందుకని ఎండలో తేలిందే నిజమని ఇంటిల్లిపాదీ నమ్మేవాళ్ళం. ఇత్తడి చెంబు కొన్నా, కందిపప్పు కొన్నా, చివరికి అత్తకు సంబంధం వచ్చినా, ఒకసారి బయటికి తీసుకుపోయి చూస్తే బాగుండునని అనిపించే బుద్ధి మాది. ఆ బుద్ధి నాకు ఇంకా పూర్తిగా పోలేదు.

తాతకు షష్టిపూర్తి దగ్గర పడింది. ఆయన కొత్త బట్టలు అడగలేదు, ఉంగరం అడగలేదు. తనూ అవ్వా కలిసి ఉన్న ఫొటో ఒకటి ఇంట్లో ఉండాలన్నాడు. వాళ్ళ పెండ్లినాడు ఫొటో తీసే దిక్కు లేదు, ఆ తరువాత అవ్వ ఒప్పుకోలేదు. ఆమెకు చిన్నతనంలో అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. బొట్టు కూడా అద్దం లేకుండా, వేలితో తడుముకుని పెట్టుకునేది. పెండ్లిళ్ళలో కెమెరా పట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు, ఆమెకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది. తాత చాలా రోజులు బతిమాలిన మీదట, ఈ ఒక్కసారికి సరేనంది.

ఫొటో తీయించే పని మా నాయన నెత్తిన వేసుకున్నాడు. మా వీధి చివర స్టూడియో పెట్టుకున్న ఆయనతో బేరానికి కూర్చున్నాడు. వెలుతురు దేవుడు ఊరికే ఇస్తుంటే నీ దీపాలకు మేమెందుకు ఇచ్చుకోవాలి, మిద్దె మీద ఎండలో తీసేసెయ్, దీపాల ఖర్చు ధరలో తగ్గించు అన్నాడు. సాయంత్రం అయితే మేలని ఆయన ఒక మాట అన్నాడు గానీ, సాయంత్రం మా అంగడికి గిరాకీ వచ్చే సమయం. మిట్టమధ్యాహ్నమే ఖాయమైంది. నేనూ ఊరుకోకుండా మధ్యలో దూరి, అదే ధరకు ఇంకొక కాపీ సాధించాను. నాయన నా వీపు తట్టాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

మిద్దె మీద రెండు కుర్చీలు వేశారు. ఇద్దరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పోలీసులు పట్టుకొచ్చిన వాళ్ళలా బిగుసుకుని కూర్చున్నారు. నడినెత్తిన సూర్యుడు. రెప్ప వేయవద్దని ఫొటో ఆయన అరుస్తున్నాడు, వేయకుండా ఉండడం వాళ్ళ తరం కావడం లేదు.

ఫొటో వచ్చింది. కళ్ళ స్థానంలో నల్లటి గుంతలు. ముక్కు నీడ పై పెదవి మీద పడి అవ్వకు మీసం వచ్చింది. ముఖం మీది ఒక్కొక్క గుంటకూ ఒక్కొక్క నీడ చేరి, చిల్లుల గరిటెలాగా ఉంది. నిజం చెప్పే ఎండ అని మేము మురిసిన ఎండ ఆమెను అట్లా చేసింది. అవ్వ చూసింది. కోప్పడలేదు. ఫొటోను బోర్లించి పెట్టి, నాయనతో చెప్పింది.

"సాకప్పా, ఇంక చాలు. మీ నాయనకు జోడీ ఫొటో కావాలంటే పక్కన ఒక దూడను కట్టేసి తీపిచ్చండి."

షష్టిపూర్తి నాడు కెమెరా కనిపిస్తే పీట మీద కూడా కూర్చునేది లేదని, అది కూడా చెప్పి లోపలికి పోయింది. ఆమె అన్నదంటే అన్నట్టే. తాత ఆ పూట అన్నం సరిగా తినలేదు.

నాయన ఓడిపోయే రకం కాదు. మళ్ళీ స్టూడియోకు పరిగెత్తాడు. ఫొటో ఆయనకు తన పెన్సిల్ మీద మహా గర్వం. నెగటివ్ మీద సన్నటి మొనతో ఒక్కొక్క గుంటనూ పూడ్చేస్తానన్నాడు. మొత్తం ముఖానికి ఒకే ధర, మీసం తీయడం ఊరికే అని నాయన బేరం తెంచాడు. తిరిగొచ్చిన ఫొటోలో అవ్వ ముఖం దోసపండులాగా నున్నగా ఉంది. తాత పక్కన ఎవరో కోడలి వయసు ఆమె కూర్చున్నట్టుంది. మాకు బ్రహ్మానందం. తాత కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు.

"బాగుండాది. ఈయమ్మ ఎవురు?"

నాయన వివరం చెప్పబోయాడు. తాత ఫొటోను తిరిగి చేతిలో పెట్టేశాడు. "నేను మీ అమ్మది అడిగినాను గదప్పా" అన్నాడు, అంతే. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగడం నాకు వినిపించింది.

మరునాడు పొద్దున అంగడి తెరవకముందే తాత నన్ను పిలిచి, తెల్ల పంచెల మూట విప్పి అరుగు మీద పరవమన్నాడు. షష్టిపూర్తికి వచ్చినవాళ్ళకు పెట్టడానికి తెచ్చిన పంచెలవి. ఆ వేళకు ఎండ మా ఇంటి వెనకనే ఉంటుంది. అరుగంతా నీడ. ఎదుటి వాళ్ళ సున్నం గోడ మాత్రం ఎండకు వెలిగిపోతూ, ఆ వెలుగును మా వైపు మెత్తగా పంపుతుంది. కింద పరిచిన పంచెలు ఇంకాస్త వెలుగును పైకి కొడుతున్నాయి. ఫొటో ఆయన ఆ గోడకు ఆనుకుని కెమెరాతో నిలబడి ఉన్నాడు. అవ్వ గడప దాటి రాగానే ఆయన్ను చూసి కొంగు లాక్కుంది. తాత ఏమీ దాచలేదు. తీస్తాడు, ముందు నీకే చూపిస్తాను, నచ్చకపోతే నెగటివ్‌తో సహా నా చేత్తోనే చింపేస్తాను అని మాటిచ్చాడు. అవ్వ లోపలికి పోలేదు. ఓ మూల కూర్చుంది.

అప్పుడు తాత కావాలనే ఒక నాసి పంచె తీసి, పురోహితుడికి ఇది చాల్లే అన్నాడు. అవ్వ నేతగాళ్ళ ఇంటి బిడ్డ. అంచులో పోగు తెగిన బట్ట చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. కొంగు సంగతి మరిచి ముందుకు వంగింది. పంచె లాక్కుని, వీధి వెలుగుకు ఎత్తి, తెగిన పోగును వేలితో పట్టుకుంది.

"ఇంత కాలం అంగడి పెట్టినావు, అంచు చూసేది ఇంకా రాలేదా నీకు?"

తాత తల గోక్కున్నాడు. తను గెలిచానని తెలిసి అవ్వ పెదవి చివర నవ్వు కదిలింది. వీధి అవతల నుంచి చిన్న చప్పుడైంది.

ఆ ఫొటోను తాత మాట ప్రకారం ముందు అవ్వకే ఇచ్చాడు. గుంటలు ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. కానీ ముందు కళ్ళు కనిపిస్తాయి, తరువాత ఆ నవ్వు. పక్కన తాత పంచెను కాదు, ఆమెనే చూస్తున్నాడు. అవ్వ ఫొటోను వీధి వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

"నేను ఇట్లా ఉంటానా?"

"పెండ్లైన కాన్నించీ ఇట్లే ఉండావు. నువ్వే చూసుకోలే."

ఫొటో ఆయన అలవాటు కొద్దీ పెన్సిల్ సంగతి అడిగితే అవ్వే బదులిచ్చింది. జుట్టులో చిక్కుకున్న దారప్పోగు ఒకటి తీసేయమంది, ముఖం జోలికి రావద్దంది. షష్టిపూర్తి నాడు కెమెరాకు ఎదురుగానే పీట మీద కూర్చుంది.

ఎండలో తీసిందే కదా నిజమైన ఫొటో అని నేను తాతతో వాదనకు దిగాను. ఆయన పంచెలు మడత పెడుతూ చెప్పాడు. "సరుకు కొనేవాడు లోపం వెతకాల పాపా, దానికి ఎండ కావాల. మీ అవ్వను నేను కొనేదానికి చూస్తానా?"

ఇప్పుడు నేనుండేది సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంటు. బెళ్ళందూరు ఆఫీసు నుంచి వచ్చిన మనవరాలు ఫోనెత్తి, నా ముఖం మీది మంగు మచ్చలు ఒక్క నొక్కుతో మాయం చేసి చూపిస్తుంది. ఊరికే వస్తుంటే వద్దనడం మా వంశంలోనే లేదు. అయినా వద్దంటాను. బాల్కనీ నీడలోకి పిలిచి, చేతిలో ఏదైనా పని పెట్టి, అప్పుడు తీయమంటాను. బజారులో నన్ను ఇప్పటికీ ఎవరూ గెలవలేరు. ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు మాత్రం, నా కళ్ళు లోపం వెతకడం మొదలుపెట్టాయని తెలియగానే, వెలుగు మారేటట్టు నేనే లేచి కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంటాను.