ఎండలో పెట్టిన సెల్లు

మొన్న వేసవిలో మా అక్క తన ఫోనులోంచి తీసేసిన పాత బ్యాటరీని మేడమీద ఎండబెట్టి, సాయంత్రం కిందికి తెచ్చి, ఉబ్బు ఇంకా దిగలేదని గచ్చు మీద పెట్టి రోటి పొత్రంతో అదిమింది. బుస్సుమని పొగ వచ్చింది, వెంటనే మంట లేచింది. దగ్గరగా వంగి చూస్తూ అదిమిందేమో, ఆ మంట నేరుగా కళ్లకే తగిలింది.

ఆసుపత్రిలో అందరూ ఒకటే అడిగారు, బ్యాటరీని ఎవరైనా ఎండబెడతారా అని. అడిగినవాళ్లంతా చిన్నవాళ్లు. మన ఈడువాళ్లయితే అడగరు, ఎందుకంటే మనమంతా ఎండబెట్టినవాళ్లమే.

రాజాం దగ్గర మా ఊళ్లో, నాన్న వార్తలు వినే రేడియో గొంతు సన్నగిల్లిందంటే, వెనక తలుపు తీసి సెల్లులన్నీ అక్క చేతిలో పోసేవాడు. మా ఇంట్లో వాటి పెత్తనం అక్కది. చేటలో ఒక పక్క మినప వడియాలు, ఒక పక్క సెల్లులు పరిచి, అవి సమంగా కాగేలా మధ్యమధ్య దొర్లించి, బుగ్గకు ఆనించి వేడి చూసి, పొద్దు వాలేవేళకి తెచ్చి రేడియోలో వేసేది. ఎండకు సెల్లులో చెమ్మ ఆరిపోతుందని మా నమ్మకం. ఆ పూటకి రేడియో మళ్లీ గట్టిగా పలికేది. "నీ సేతిలో ఏటున్నాదే, సచ్చిన సెల్లు కూడా మాటాడతాది" అని నాన్న మురిసిపోయేవాడు. ఆ మాట అక్క పెద్దదయ్యాక కూడా చెప్పుకుని నవ్వేది. ఇక ఎంత ఎండకీ లేవని సెల్లుల్ని మేం రాయితో పగలగొట్టి, లోపలి నల్లకడ్డీతో గోడలనిండా రాతలు రాసి తిట్లు తినేవాళ్లం. తిట్లు తప్ప ఇంకో ప్రమాదం ఉంటుందని ఎవరికీ తోచలేదు.

తరవాత చేతిలోకి ఫోను వచ్చింది, దాన్నీ సెల్లే అన్నాం. అక్కకు ఇప్పటికీ ఫోనూ సెల్లే, దాని పొట్టలో ఉన్నదీ సెల్లే. ఆ బటన్ల ఫోను వెనక మూత పైకి లేస్తోందని రాజాంలో రిపేరు కొట్టుకి పట్టుకెళ్తే, అతను ఉబ్బిన బ్యాటరీ తీసి కొత్తది వేశాడు. అక్క పాతది అడిగింది. మా వైపు మోటారు బాగుచేయించినా, మిక్సీ బాగుచేయించినా తీసేసిన సామాను చేతికి రానిదే ఇంటికి రాము. నిజంగా మార్చాడని నమ్మకం, ఎప్పటికైనా పనికొస్తుందన్న ఆశ. అతను కాగితంలో చుట్టి ఇచ్చాడు.

దాన్ని మేడమీదికి తీసుకెళ్తుంటే బావ, "ఆ ఉబ్బిందాన్ని ఏటి సేస్తావే, పులుసు పెడతావా?" అని వేళాకోళమాడాడట. "సెమ్మ పట్టింది మావా, ఎండ తగిల్తే దిగిపోద్ది. కరెంటు పోయిన్నాడు ఇదే వేసుకుంటాను, అప్పుడు నువ్వు మాత్రం నా సెల్లడక్కు" అందట అక్క. ఇది చెప్పేటప్పుడు బావ గోడకేసి చూస్తూ చెప్పాడు.

ఆ ఉబ్బు చెమ్మ కాదు. ఈ బ్యాటరీ పాతబడితే, దెబ్బతింటే లోపల గాలి పుడుతుంది, దానికే పొట్ట లేస్తుంది. ఎండ తగిలితే ఆ చెడుపు ఇంకా ముదురుతుంది. పైనుంచి నొక్కితే లోపలి పల్చటి పొరలు ఒకదానికొకటి తగిలి దానంతటదే అంటుకుంటుంది. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, పొడవకూడదు, ఛార్జింగు పెట్టకూడదు, ఎండకీ పొయ్యికీ దూరంగా ఉంచాలి, చెత్తలో పారేయకూడదు. ఈ మాటలు అక్కకు చెప్పినవాళ్లు లేరు. బ్యాటరీ మీద రాసే ఉంది, చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. అక్క చదివింది ఊళ్లో తెలుగు బడి, అదీ అయిదో తరగతిదాకా.

ఆ రిపేరు కొట్టు అతన్ని కలిశాను. నిలదీసినా అతను కోపం తెచ్చుకోలేదు. "అడిగితే ఇవ్వకుండా ఎలాగండి, ఇవ్వకపోతే దొంగనంటారు" అన్నాడు తలొంచుకుని. పాతవి అడగనివాళ్ల బ్యాటరీలు బల్ల కింద ఒక డబ్బాలో పోగుపడి ఉన్నాయి, సగం ఉబ్బినవే. చెత్తబండి వాళ్లు తీసుకోరట. శ్రీకాకుళంలో ఎక్కడో తీసుకుంటారని విన్నాడు గానీ ఎక్కడో తెలీదట. నేనూ వాకబు చేశాను, నాకూ తెలియలేదు. అతని కాళ్లు ఆ డబ్బాకి తగులుతూనే ఉన్నాయి.

మన రోజుల్లో వస్తువు చచ్చిపోతే చచ్చినట్టే పడి ఉండేది. దాన్ని పిల్లల చేతికి ఇచ్చి మనం పనిలో పడేవాళ్లం. ఇప్పుడు అయిపోయిందనుకున్నదే కాచుకుని కూర్చుంటోంది. ఒకప్పుడు మనల్ని నేర్పరులనిపించిన తెలివే ఇప్పుడు మనల్ని కాలుస్తోంది. వస్తువుతోపాటు దాని సంగతి కూడా చెప్పి ఇచ్చేవాళ్లు వస్తారని నాకైతే ఆశ లేదు.

అక్కకి కుడికన్ను పోయింది. ఎడమకంటి నల్లగుడ్డు తెల్లగా మసకబారి ఉంది, అది విడితే గానీ చూపు ఉందో లేదో చెప్పలేమని విశాఖపట్నం డాక్టరు అన్నారు. ఊళ్లో వరినాట్లు కూడా అయిపోయాయి. మసక ఇంకా విడలేదు.