గంజి పెట్టిన గోల్ఫ్ మైదానం

మా చిన్నప్పుడు... తాపీ నది ఒడ్డున, అమ్రోలి ఊరు దాటాక ఉన్న పాత గోల్ఫ్ మైదానంలో ఇసుకను నున్నగా దువ్వే పని మా అమ్మది.

నవ్వకండి, నిజమే. గోల్ఫ్ అంటే పచ్చని తివాచీ అనుకుంటాం కదా... ఈ మైదానం ఏ కాలంలో ఏ తెల్లదొర వేసిందో గానీ గడ్డి తక్కువ, గడుసుదనం ఎక్కువ. బంతి పడాల్సిన గుంత చుట్టూ గడ్డికి బదులు నల్లటి ఇసుక చక్రం ఉండేది. గాలికి లేవకుండా వాడేసిన ఇంజన్ నూనె కలిపి ఆ ఇసుకను అణిచేవారు. ఆడేవాళ్లు ముందుకు సాగగానే అమ్మ గోనెపట్టా కట్టిన కర్రతో వాళ్ల అడుగుల గుర్తులు చెరిపేసేది.

ఉన్నవి తొమ్మిది గుంతలే... ఒక్కోదానిది ఒక్కో పేచీ. రెండోదానికి నేరుగా కొట్టనివ్వకుండా ఓ ముసలి తుమ్మచెట్టు అడ్డం. ఐదోది ఎడ్లబండ్ల బాటకు అవతల. తాపీలో పోటు వచ్చిందంటే ఆరో గుంత ముందున్న పల్లం నిండిపోయి బంతులు కొట్టుకుపోయేవి. ఆ దొరకు నేల చదును చేయించే ఓపిక లేక, ఉన్నవాటన్నిటినీ ఆటలో కలిపేసుకున్నాడని నా అనుమానం. నాకైతే అదే నచ్చేది.

మాది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. నాన్న కార్ఖానాలో మగ్గం నడిపేవాడు, అమ్మ కండెలు చుట్టేది. ఆ నూలు ధూళికి అమ్మకు దగ్గు పట్టుకుంది... ఊపిరి తిరగనంత దగ్గు. మైదానంలో పని దొరికాక దగ్గు తగ్గింది, నవ్వు పెరిగింది. ఈ పని పోతే మళ్లీ ఆ ధూళిలోకే వెళ్లాలని ఇంట్లో అందరికీ తెలుసు.

ఓ ఏడాది పోటీ రేపనగా తొమ్మిదో చక్రానికి కొత్త ఇసుక పోశారు. నూనె డబ్బాలు మాత్రం రాలేదు. మేనేజర్ కాకా తల పట్టుకు కూర్చున్నాడు. ఇసుకేమో గాలికి లేచిపోతోంది. అమ్మ కాసేపు దాన్నే చూసి కొంగు బిగించింది.

"పడుగు గట్టిగుండాలంటే గంజి పెడ్తలేమా? ఇసుకకు గూడ గంతే... ఏమైతది?"

పెద్ద గుండిగలో గంజి కాచాం. నేనూ చెంబుతో చల్లాను. సాయంత్రానికి ఇసుక గంజిపెట్టి ఆరేసిన పంచెలా బిగిసింది. కాకా చేత్తో తట్టి చూసి, "బహుత్ అచ్ఛా, బెన్" అన్నాడు... చాలా బాగుంది అక్కా అని. అమ్మ మురిసిపోయింది.

నేతవాళ్లం కదా... గంజి అంటే మాకు నూలే గుర్తొస్తుంది. గేదెలకు గంజి అంటే ప్రాణమన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు ఆటగాళ్లు ఎనిమిదో గుంత ముగించి తొమ్మిదోదానికి బంతి కొట్టి వచ్చేసరికి, పక్క వాడలోని గేదెలన్నీ ఆ చక్రం మీద చేరి హాయిగా నాకుతున్నాయి. మూతుల నిండా ఇసుక. కాకాకు పట్టరాని కోపం వచ్చింది. "కల్ సే మత్ ఆనా" అన్నాడు అమ్మతో. రేపటినుంచి రావద్దని. అమ్మ చేతిలోని కర్ర కింద పెట్టేసింది. ఆ దగ్గు తలచుకుని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు రోషన్ ఆంటీ ముందుకొచ్చింది. పెళ్లి కాకముందు నుంచీ అక్కడే ఆడుతున్న పార్సీ ముసలావిడ. అక్కడ ఆమె మాటకు ఎదురు లేదు. గేదె కాళ్ల మధ్య ఉన్న బంతి కూడా ఆమెదే. చేతికర్ర నేలకు ఆనించి, "ఊభా రహో" అంది... ఆగండి అని. గేదె అడ్డమొస్తే అది కదిలేదాకా ఆగాలన్నది ఈ మైదానం పాత పద్ధతి అని అందరికీ గుర్తుచేసింది. తుమ్మచెట్టును కొట్టేయలేదు, పోటును ఆపలేదు, గేదెలు చేసిన పాపమేంటని కాకాను నిలదీసింది. అమ్మను పంపేస్తే తానూ రానని కూడా చెప్పేసింది.

ఇంకేముంది... టోపీల పెద్దమనుషులంతా ఎండలో నిలబడ్డారు, కాకాతో సహా. గేదెలు తీరిగ్గా గంజి ముగించుకుని వెళ్లాయి. అమ్మ కర్ర అందుకుని ఇసుక సర్దింది. రోషన్ ఆంటీ బంతిని నెట్టింది... అది గుంత పక్కనుంచి పోయింది. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వింది.

మైదానం ఉన్నన్నాళ్లూ అమ్మ అక్కడే పనిచేసింది.

ఇప్పుడక్కడ వెడల్పాటి రోడ్డు. మొన్న అమ్మ చెయ్యి పట్టుకుని దాటబోతే ఒక్క బండీ ఆగలేదు... పైగా హారన్లు. అమ్మ నవ్వుతూనే అంది.

"గప్పుడు బర్రె కోసం గంతమంది దొరలు ఎండల నిలవడ్డరు బిడ్డా... గిప్పుడు మనిషి కోసం గూడ ఎవ్వరు ఆగుతలేరు."

మీ చిన్నప్పుడు... మీ దగ్గర ఎవరి కోసం ఎవరు ఆగేవాళ్లు? రాయండి, అమ్మకు చదివి వినిపిస్తాను.