నుదుట చుక్కతో పచ్చదోమ

శాస్త్రలోకాన్ని గడగడలాడించబోయి మా ఇంటి వసారాలోనే బోర్లాపడిన కథ చెబుతాను. నవ్వండి, నాకేం సిగ్గు లేదు.

మద్రాసులో జంతుశాస్త్రం చదివాను. కాపురానికి కర్నూలు పక్కన కల్లూరు వచ్చాక ఆ చదువుకు మిగిలినవి ఒక భూతద్దం, కాసిని ఖాళీ అగ్గిపెట్టెలు. దీపాలు పెట్టేవేళ పత్తిచేల నుంచి పచ్చదోమలు మా లాంతరు మీదికి పెళ్లివారిలా దిగేవి. బియ్యపుగింజలో సగం ఉంటాయి. ఒక పొద్దున, ముందురోజు పట్టినవాటిని అద్దం కింద పెట్టి చూద్దును కదా, ప్రతిదానికీ నుదుట నల్లచుక్క! ఏ పుస్తకంలోనూ లేని చుక్క!

"అత్తా! లోకంలో ఎవురూ చూడని పురుగు మనింట్లో దొరికినాది!"

"చూడకేమి? దినామూ సంగట్లో పడి చస్తాండాయి," అంది అత్త. "బిడ్డ ఏడుస్తాంటే పురుగులేరుతాండావు. శానా గొప్ప చదువులే!"

నాకు రోషం వచ్చింది. "ఇది కొత్తజాతి కాకపోతే అద్దమూ పెట్టెలూ నీ చేతికే ఇచ్చేస్తా. అయితే మాత్రం మళ్లీ నా జోలికి రాగూడదు!"

"అట్లేగానీ," అంది.

రెక్కలూ కాళ్లూ ముళ్లూ వర్ణించి, లాటిన్‌లో 'కర్నూలు నల్లబొట్టుది' అని పేరు కూడా పెట్టేశాను. ఆలు లేదు, చూలు లేదు, పురుగు పేరు సోమలింగం!

నా ఖర్మకొద్దీ, కాలేజీలో నాకు పాఠం చెప్పిన పంతులమ్మ కర్నూలు వచ్చి, మా ఇంటికి భోజనానికి దిగారు. పురుగులను అద్దంలో చూశారు. చాలాసేపు చూశారు.

"ఒకదానికి నుదుట, ఒకదానికి కంటి పక్కన. ఇది చుక్కేనటే అమ్మాయ్?" అంటూ తన సంచిలోని స్పిరిటులో కుంచె ముంచి తుడిచారు. చుక్క కుంచెకు వచ్చేసింది! "నీ కొత్తజాతి మొహం కడుక్కుందే!"

అత్త కుంచె లాక్కుని చూసింది. "ఇది మా బుడ్డోని కాటుక గదూ!"

అప్పుడు వెలిగింది. బిడ్డకు జలుబు చేసినప్పటినుంచీ సందెవేళ చీపురుపుల్లతో దిష్టిచుక్క పెట్టేదాన్ని. (పట్టా పుచ్చుకున్నదానికి దిష్టి ఏమిటంటారా? మీ బిడ్డ రాత్రంతా దగ్గితే అప్పుడడగండి.) వేళ్లతో పడితే పురుగులు నలిగిపోతున్నాయని, ఆముదం కాటుక జిడ్డున్న ఆ పుల్లతోనే అంటించి తీశాను.

"పురుగులకు దిష్టిచుక్క పెట్టే కోడలు యా ఊర్లోనన్నా ఉండాదా? తే, అద్దం తే!"

"ఈను."

"పందెం ఓడిపోతివి గదే!"

"ఈ పురుగుల మీద ఓడిపోతి. ఆ పెట్టెల్లోవి ఇంకా చూడనేలేదు. వాటిమీద నువ్వు యాడ గెలిచినావు?"

పంతులమ్మ పగలబడి నవ్వారు. అత్త బుగ్గ నొక్కుకుంది. అద్దం మాత్రం నా చెంగుముడి దాటలేదు.

లాంతరు సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఈ జన్మలో మరే పురుగుకూ కాటుక పెట్టను. పట్టడం మాత్రం మానను. నిజంగా కొత్తది దొరికిన రోజున దానికి దిష్టి తీసే పని మా అత్తది.