ఒకేలా ఉన్న రెండు వరుసలు

ఎం.సి.ఏ. చదివే రోజుల్లో మా నగరి చేనేత సంఘం కంప్యూటర్‌కు సి భాషలో లాగిన్ ప్రోగ్రాం రాశాను. అది ప్రతి పాస్‌వర్డ్‌నూ గజిబిజి అక్షరాల వరుసగా మార్చి దాస్తుంది.

సభ్యులకు దాన్ని తెర మీద చూపిస్తున్నాను. మధ్యాహ్నపు ఎండ, దూరంగా మగ్గాల చప్పుడు, అంతా కలలోలా ఉంది.

"ఏమ్మా, ఈ రెండు వరుసలు ఒకే మాదిరి ఉండాయే?" అన్నాడు చిన్నాయన.

"ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటే అట్లే వస్తాది" అనేశాక పక్కనున్న పేర్లు చూశాను. ఒకటి మా నాయనది, రెండోది చిన్నాయనదే. మగ్గాలు పంచుకున్నప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. నలుగురిలో వాళ్ల గుట్టు బయటపెట్టానని గబుక్కున తెర ఆపబోయాను.

చిన్నాయన తెర వైపే చూస్తూ మెల్లగా అడిగాడు. "అమ్మ పేరేనా అన్నా?"

వెనక కూర్చున్న నాయన తమ్ముడి వైపు తిరిగాడు. "ఇంకేం పెడతాను రా" అన్నాడు.

ఇద్దరూ లేచి టీకొట్టు వైపు నడిచారు. నేను కిటికీలోంచి వాళ్లనే చూస్తూ నిలబడిపోయాను.

మర్నాడు వాళ్ల పాస్‌వర్డ్‌లు మార్పించాను. ఒక్కొక్కరి పాస్‌వర్డ్‌కు వేర్వేరు అక్షరాలు కలిపే 'సాల్ట్' కూడా చేర్చాను. ఇక ఇద్దరు ఒకే మాట పెట్టుకున్నా వరుసలు కలవవు. మొదటే చేయాల్సిన పని అది. మరచిపోయినందుకు మాత్రం నేనెప్పుడూ బాధపడలేదు.