బొటనవేలికి పట్టుదారం

హిందూపురంలో రైలెక్కినప్పటి నుంచి ఫోన్‌లో ఆట ఆడుతూనే ఉన్నాను. పైనుంచి రాళ్లు పడుతుంటాయి, కింద చిన్న విమానం ఉంటుంది, బొటనవేలితో తడుతూ వాటిని కాల్చేయాలి. అంతకు మించి అందులో ఏమీ లేదు. పెనుకొండ దగ్గర చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది.

అప్పుడే ఎదుటి సీటులోని మనిషిని సరిగా చూశాను. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో ఫోన్ లేదు. కిటికీలోంచి చూస్తూ, దాటిపోయే ప్రతి కరెంటు స్తంభానికీ బొటనవేలితో తొడ మీద తడుతున్నాడు. రైల్వే గేటు దగ్గర నిలబడ్డ మనుషులకూ అలాగే తట్టాడు.

నేను చూస్తున్నానని గమనించి, జేబులోంచి పట్టుదారం తీసి నాకందించాడు.

"ఈ వేలిని పక్కవేలికి కలిపి కట్టక్కా. ఒంటిచేత్తో నాకు కుదరదు. ఇంటికి పోయే ముందర ఎవురితోనైనా కట్టించుకుంటా."

"ఎందుకప్పా?"

"ఫోన్లో ఆట మానేసి నెలాయె. వేలు మాన్లేదు. నిద్రలో గూడా కాలుస్తాండాది. మొన్న మధ్యాన్నం పాపను పక్కలో ఏసుకోని పండుకున్యా. ఏడుపు ఇని లేసి చూస్తే, ఈ వేలు పాప కంటిమీద ఉండాది."

దారం విప్పాను. రెండు వేళ్లనూ కలిపి గట్టిగా ముడి వేశాను. ఆ వేలు దారం కింద కూడా కొట్టుకుంటూనే ఉంది.

ధర్మవరంలో దిగబోతూ అతను నా ఒడివైపు చూసి ఆగాడు. మిగిలిన దారం నా పక్కన పెట్టి దిగిపోయాడు.

నేను కిందికి చూశాను. ఆగిపోయిన ఫోన్ మీద నా బొటనవేలు తడుతూనే ఉంది.